సాంచాల పక్కన ఊయల

జూన్ 4, 2025. కరీంనగర్

మళ్లీ పోయింది.

జర్మన్ పరీక్షలో చదవడం పాస్. రాయడం పాస్. మాట్లాడడమైతే నాతో రాసినవాళ్లందరికంటే ఎక్కువ మార్కులు. వినడం ఫెయిల్. పోయినసారీ ఇదే కథ.

ఏడ్వలేదు. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ముందు ముందు ఈ రోజు గుర్తొస్తే, అయ్యో ఎంత ఏడ్చి ఉంటానో అని నా మీద నేనే జాలి పడకూడదు.

తప్పు ఆ హాలుది. హైదరాబాద్‌లో పరీక్ష పెట్టిన గదిలో ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి, మూలన ఒక డబ్బా స్పీకర్, అందులోంచి ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటారు, దాన్ని ఒక్కసారే వినిపిస్తారు. నోట్లో బట్ట కుక్కుకుని మాట్లాడినట్టే ఉంది. పక్కనున్న అమ్మాయి నిమ్మళంగా టిక్కులు పెట్టుకుంటూ పోయింది. ఆమెకు ఎలా అర్థమైందో ఆమెనే అడగాలి.

జర్మనీలో ఆసుపత్రివాళ్లు అక్టోబర్ ఆఖరు వరకే ఆగుతామన్నారు. అప్పటికి సర్టిఫికెట్ చూపిస్తే జనవరిలో రమ్మంటారు. వాళ్ల దగ్గరే పెట్టుకుని వైద్య భాష నేర్పిస్తారు, లైసెన్స్ పరీక్ష రాయిస్తారు, ఆ తర్వాత అనస్థీషియాలో స్పెషలిస్టు శిక్షణ. చూపించకపోతే నా చోటు ఇంకొకరికి పోతుంది. సెప్టెంబర్‌లో ఇంకో పరీక్ష ఉంది. రాస్తాను. ఎలా పాస్ కానివ్వదో ఆ స్పీకర్ సంగతి చూస్తాను.

జూన్ 6

జర్మన్ వార్తలు ఫోన్‌లో పెట్టుకుని వింటున్నాను. చదివే ఆమె ముఖం కనిపిస్తే మొత్తం అర్థమవుతుంది. ఫోన్ బోర్లా పెడితే సగం పోతుంది. ఏకాగ్రత లేదు నాకు. ముఖం కనపడకపోతే మనసు ఎటో పోతుంది. అంతే. ఇంకేం లేదు.

జూన్ 9

నేను డ్యూటీ డాక్టర్‌గా చేసే నర్సింగ్ హోమ్‌లో సర్జన్ గారికి నేనంటే వేళాకోళం. ఈ రోజు థియేటర్‌లో అందరి ముందు అడిగాడు, బిష్కెక్‌లో గుర్రాలు ఎక్కువ కదా, వాటికి మత్తివ్వడం కూడా నేర్పారా అని. నేర్పారు సార్, తమరి బరువెంతో చెప్పండి, డోసు లెక్క కడతాను.

అనలేదు. డైరీలో అంటున్నాను.

కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చదివి వచ్చిన వాళ్లలో నాలాగా స్క్రీనింగ్ పరీక్ష మొదటిసారే గట్టెక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఈయనకు తెలియదు. తెలిసినా ఒప్పుకోడు. ఇక్కడ పీజీ సీటు నా ర్యాంకుకు రాదు. రానప్పుడు ఏడుస్తూ కూర్చోవాలా? సీటు ఉన్న చోటికి పోతాను.

అనస్థీషియానే ఎందుకని అందరూ అడుగుతారు. పేరు రాదు, పేషెంట్ ముఖం కూడా గుర్తుపెట్టుకోడు అంటారు. ఇంటర్న్‌షిప్‌లో ఒకసారి తల వైపు కుర్చీలో కూర్చుని, ఒక ముసలామెకు నా చేత్తో బ్యాగు నొక్కి ఊపిరి ఇచ్చాను. మిగతావాళ్లంతా ఆమె పొట్టలో పని చేసుకుంటున్నారు. ఆమె బతికి ఉండడం మాత్రం నా అరచేతిలో ఉంది. నాకు ఆ కుర్చీ కావాలి.

జూన్ 15. గర్శకుర్తి

సెలవు పెట్టి ఇంటికొచ్చాను. సాంచాల చప్పుడు బస్సు దిగగానే మొదలవుతుంది. మా ఊళ్లో పవర్‌లూమ్‌ని సాంచ అంటారు. మా షెడ్డులో నాలుగున్నాయి.

బాపు, మా నాన్న, ఆ చివర నుంచి పెదాలు కదిపాడు, తిన్నవా అని. తిన్న అని నేను ఈ చివర నుంచి కదిపాను. అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండె మారుస్తూనే నన్నొకసారి చూసి, చిటికెన వేలు నిలబెట్టి చూపించింది. బక్కచిక్కినవ్ అని. పట్నంవాళ్లు అనుకుంటారు, సాంచాల దగ్గర అందరూ అరుచుకుంటారని. అరిస్తే మాత్రం ఎవరికి వినపడుతుంది? మా ఇంట్లో మాటలు చూసుకోవడమే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంతే. ఇక్కడ ఒక్క మాట కూడా నాకు తప్పిపోదు. కరీంనగర్‌లో రోజంతా మాటల కోసం తడుముకున్నట్టుంటుంది, ఇక్కడికొస్తే ప్రాణం లేచొస్తుంది.

ఎందుకో ఈ చివరి వాక్యం కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు.

లక్సెట్టిపేట నుంచి హనుమండ్లు మామ వచ్చాడు. అవ్వకు తమ్ముడు. పరీక్ష పోయిందని విన్నాడట, నన్ను ఓదార్చడానికి వచ్చాడు. మామ ఓదార్పంటే ఎప్పుడూ తన దుబాయ్ కథే. ఇరవై ఏళ్ల కింద వీసా వచ్చి, ఊరందరికీ దావత్ ఇచ్చి బొంబాయి పోతే, మెడికల్ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ ఉందని అన్‌ఫిట్ చేశారు. అది ఎప్పుడో చిన్నప్పుడు తగ్గిపోయిన క్షయ జబ్బు మచ్చ. డాక్టర్ అడగకముందే తనే చెప్పాడట, చిన్నగున్నప్పుడు దగ్గు మందులు వాడిన సార్ అని. ఇప్పటికీ వాళ్ల వాడలో ఇద్దరు హనుమండ్లు ఉండడంతో, మామను అన్‌ఫిట్ హనుమండ్లు అంటారు. అనేవాళ్లకు అది తిట్టని కూడా తోచదు.

పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు: "పరదేశమోల్లు ఏదడిగితె దానికే జవాబియ్యి బిడ్డా. అడగంది చెప్పకు. ఒక్కపారి అన్‌ఫిట్ అని రాసిండ్రంటె, మల్ల ఎంత తుడిసినా పోదు."

నాలో చెప్పకూడనిది ఏముంది మామా అని నవ్వాను.

జూలై 2. కరీంనగర్

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున హెర్నియా ఆపరేషన్ అయిన పెద్దాయన, కొమురెల్లి, రికవరీ గదిలో ఉన్నాడు. నేను ఆయన మంచానికి వీపు పెట్టి బల్ల దగ్గర కేస్ షీట్ రాస్తున్నాను. వినోద సిస్టర్ వరండా ఆ చివర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. నన్ను దాటి పోయి ఆయన గదవ పైకెత్తింది, ఆక్సిజన్ పెంచింది. అప్పుడు తిరిగి చూశాను. మానిటర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. నాలుక వెనక్కి పడి ఆక్సిజన్ పడిపోయింది. ఇద్దరం కలిసి సరిచేశాం. రంగు తిరిగి వచ్చింది. ఆయనకు ఏమీ కాలేదు. సాయంత్రం లేచి చాయ్ అడిగాడు.

వినోద మంచి మనిషి. గట్టిగా అనలేదు. "మిషిన్ గంతగనం మొత్తుకుంటుంటె గట్లనే కూసున్నరేంది మేడం. నాకు వరండాల దాక ఇనొచ్చింది."

వాల్యూమ్ తగ్గించి ఉంది సిస్టర్ అన్నాను.

జూలై 3

వాల్యూమ్ ఎవరో తగ్గించి ఉంటారు.

జూలై 4

వాల్యూమ్ ఫుల్‌లో ఉంది. చూశాను.

జూలై 11

ఈ వారం మానిటర్‌ని నాకు ఎదురుగా పెట్టించుకుని కూర్చుంటున్నాను. లైటు కనిపిస్తే చాలు కదా. గదిలో వినోదను కూడా ఉండమన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. జర్మన్ పదాలు బోలెడు నేర్చుకున్నాను. ఊపిరికి ఒక పదం, ఊపిరాడకపోవడానికి ఇంకో పదం.

కుక్కర్ విజిల్ వేసిందని పక్క పోర్షన్ ఆమె వచ్చి తలుపు కొట్టింది. పప్పు మాడింది. ఇలా మాడడం ఇది మొదటిసారి కాదు.

జూలై 19

చెవి డాక్టర్ రాయమల్లు సార్ దగ్గరికి పోయాను. వేరే ఎవరికో అనుమానం ఉన్నట్టు మొదలుపెట్టి, మధ్యలో సిగ్గేసి, నాకే సార్ అన్నాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. చప్పుడు వినిపించినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల టెక్నీషియన్ మిషన్ మీద మీట తిప్పుతున్నాడు. నేను నొక్కుతూ పోయాను. ఒక్కటి కూడా వదల్లేదు. నాకు భలే ధైర్యం వచ్చింది.

సార్ లోపలికి వచ్చి నా కుర్చీని పట్టుకుని గోడ వైపు తిప్పేశాడు. "మీరు వింటలేరమ్మా. వాని చెయ్యి చూసి ఒత్తుతున్నరు."

నేను దొంగతనం చేయలేదు. దేవుడి మీద ఒట్టు, చెయ్యి చూస్తున్నానని నాకే తెలియదు.

గోడ వైపు కూర్చున్నాక ఆ గదిలో చాలాసేపు ఏమీ జరగలేదు. అంటే, నాకు ఏమీ జరగలేదు. అవతల వాళ్లు చప్పుళ్లు పంపిస్తూనే ఉన్నారట.

గ్రాఫ్ చూపించాడు. లావు గొంతులు, బరువు చప్పుళ్లు బాగానే వినిపిస్తాయి. సన్నని చప్పుళ్ల దగ్గర గీత ఒక్కసారిగా గుంటలో పడిపోతుంది, రెండు చెవులకూ. అలారాలు, విజిళ్లు ఆ గుంటలోనే ఉంటాయి. మాటల్లో సగం అక్షరాలు కూడా అక్కడే ఉంటాయి. చాలా ఏళ్లు పెద్ద చప్పుడులో ఉంటే లోపలి నరాలు ఇలా చచ్చిపోతాయి, మళ్లీ బతకవు. బొగ్గు బాయిలో మిషన్ల మీద పనిచేసినవాళ్లలో చూస్తుంటానన్నాడు. మీకెట్లా వచ్చిందని అడిగి, ఊరు పేరు చెప్పగానే ఇంకేం అడగలేదు. తల ఊపాడు.

మిషన్లు పెట్టుకుంటే చాలావరకు వినొచ్చన్నాడు. అనస్థీషియా మాత్రం మానేసి, పేథాలజీయో రేడియాలజీయో చూసుకోమన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. బయటికొచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది. నా చెవులు చూడమన్నాను గానీ నా బతుకు దిద్దమన్నానా?

దారిలో ఏడ్చాను. ఇది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 22

కన్సల్టెన్సీ ఓంప్రకాశ్‌కి చెప్పాను. నా జర్మనీ కాగితాలన్నీ చూసేది అతనే. తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నాడు. అతని సలహా, నోరు మూసుకోవడం. చెవుల్లో లోపలికి పోయే చిన్న మిషన్లు తీసుకోండి, జుట్టు విరబోసుకోండి, పరీక్షవాళ్లకు తెలియనియ్యొద్దు, ఆసుపత్రివాళ్లకు అసలే తెలియనియ్యొద్దు. వీసా స్టాంపు పడి అక్కడ అడుగుపెట్టాక ఎవరేం చేస్తారు అన్నాడు.

పరీక్షవాళ్ల నియమాలు నేనే చదివాను. వినికిడి లోపం ఉన్నవాళ్లు ముందే రాసి, డాక్టర్ రిపోర్టు పెడితే, వేరే గదిలో మంచి స్పీకర్‌తో వినిపిస్తారు. ప్రశ్నలు అవే, మార్కులు అవే. అది చూపిస్తే ఓంప్రకాశ్ తల పట్టుకున్నాడు. మన చేతితో మనమే రాసిచ్చుడు ఏంది డాక్టరమ్మా అన్నాడు.

ఫోన్‌లో మామ కూడా అదే అన్నాడు. బతిమాలాడు. ఆయన గొంతు లావుది, ఫోన్‌లో కూడా నాకు బాగా వినిపిస్తుంది.

చెప్పను. ఎవరికీ చెప్పను. నాకేం ఖర్మ?

జూలై 23

చెప్పకుండా పోతే, అక్కడ నా వెనక ఎవరో కొమురెల్లి పడుకుని ఉంటాడు. అక్కడ వినోద ఉండదు.

జూలై 27. గర్శకుర్తి

అవ్వను అడిగాను. షెడ్డులో కాదు, ఇంట్లో కూర్చోబెట్టి. నా చిన్నప్పుడు నన్ను ఎక్కడ పడుకోబెట్టేదానివని.

అవ్వ ముఖం వెలిగిపోయింది. రెండు సాంచాల నడుమ దూలానికి పాత చీర కట్టి ఊయల వేసిందట. బొడ్డూడగానే. "కరెంటు పోతె లేసి కెవ్వున ఏడుస్తుంటివి. సాంచలు నడువంగనే మల్ల పండుకుంటుంటివి. జరంత గూడ సతాయించలే బిడ్డా నువ్వు."

ఎంత గర్వంగా చెప్పిందో. నా కథల్లో అవ్వకు అన్నింటికంటే ఇష్టమైన కథ అది. చుట్టాలకు కూడా చెబుతుంది. నేను ఎన్నోసార్లు విన్నాను. ఈ రోజు మొదటిసారి డాక్టర్‌గా విన్నాను.

గ్రాఫ్ కాగితం తీసి గుంట చూపించాను. ఇది ఆ ఊయలలోనే పడింది అవ్వా అన్నాను. అనకుండా ఉండాల్సింది, అన్నాను. నాకు కోపం వచ్చింది, దాచుకోను. నా చెవులు కొరుక్కుతిన్న చప్పుడుకే నేను జోలపాటలాగా నిద్రపోయాను. నన్ను బిష్కెక్‌కు పంపింది కూడా ఆ చప్పుడే. ఆ సాంచాల మీదే బ్యాంకు లోను తెచ్చారు. ఎవరి మీద కోప్పడాలి నేను?

అవ్వ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, గొంతు లేకుండా, పెదాలతో అడిగింది, షెడ్డులో అడిగినట్టు: "మరి నిన్నెక్కడ పండవెట్టాలె?"

ఇంటి ముందు సీసీ రోడ్డు, వెనక బర్రెల కొట్టం. పాలివ్వడానికి సాంచ ఆపితే గుడ్డ తక్కువ పడుతుంది. అవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. బాపు వచ్చి చూసి, ఏమైందని చేత్తో అడిగాడు. ఏం లేదని ఇద్దరం చేతులు ఊపాం.

ఆగస్టు 6. కరీంనగర్

చెవి మిషన్లు వచ్చాయి. లోపలికి పోయేవి కాదు. చెవి వెనక కూర్చునేవి. రాయమల్లు సార్ చెప్పాడు, నా గ్రాఫ్‌కి ఇవే బాగా పనిచేస్తాయని. ఎర్ర రంగువి తీసుకున్నాను. చర్మం రంగువి కూడా ఉన్నాయట. వద్దన్నాను.

బజారులోకి రాగానే కోపమొచ్చింది. ఇంత గోల చేస్తారా మనుషులు? బస్సు బ్రేకులు అరుస్తాయి. నా చెప్పులు కూడా చప్పుడు చేస్తాయి. ఇన్నేళ్లూ ఈ చెప్పులు వెనక నుంచి నన్ను ఏమేం అన్నాయో.

వినోదతో పందెం. ఖాళీగా ఉన్న రికవరీ గదిలో నేను గోడ వైపు తిరిగి కూర్చుంటాను, ఆమె తన ఇష్టం వచ్చినప్పుడు మానిటర్ మోగిస్తుంది, నేను చెయ్యి ఎత్తాలి. మోసం చేయడానికి వీల్లేకుండా కళ్లకు తన చున్నీ కట్టింది. మోగింది. ఎత్తాను. ఊరికే కుర్చీ జరిపింది, ఎత్తలేదు. మళ్లీ మోగింది, ఎత్తాను. దాని గొంతు అంత సన్నగా ఉంటుందని నాకు తెలియదు. పిట్టపిల్ల అరిచినట్టుంది. "గిప్పుడు పాసయిండ్రు మేడం" అని వినోద నా కళ్లగంత విప్పింది.

పరీక్షవాళ్లకు దరఖాస్తు పెట్టాను. గ్రాఫ్ జత చేశాను. నా చేతితో నేనే రాసిచ్చాను ఓంప్రకాశ్ గారూ, ఏం చేసుకుంటారో చేసుకోండి.

ఆగస్టు 14

జర్మనీ ఆసుపత్రిలో అనస్థీషియా విభాగానికి పెద్ద ఒక మేడం. ఈ రోజు వీడియోలో మాట్లాడింది. సెప్టెంబర్ పరీక్షకు చదువు ఎలా సాగుతోందో తెలుసుకోవడానికే అనుకున్నాం. ఓంప్రకాశ్ ఆఫీసులో కూర్చున్నాను, నెట్ అక్కడ బాగుంటుందని.

పిలుపు రాకముందు ఓంప్రకాశ్ జుట్టు విరబోసుకోమన్నాడు. నేను రబ్బరు బ్యాండు తీసి, జుట్టంతా ఎత్తి కొప్పు పెట్టుకున్నాను. ఎర్ర మిషన్లు రెండూ కెమెరాలో దీపాల్లా కనిపించాయి.

మేడం వాటిని చూసింది. అడగలేదు. అడగంది చెప్పకు అన్న మామ మాట చెవిలో మోగింది. నేను చెప్పాను. సాంచాల సంగతి చెప్పాను, ఊయల సంగతి చెప్పాను. జూలై రెండున నా వెనక మిషన్ మోగితే వినలేదని కూడా చెప్పాను. బల్ల కింద ఓంప్రకాశ్ నా కాలు తొక్కుతూనే ఉన్నాడు.

ఆమె అడిగింది, థియేటర్‌లో అందరికీ మాస్కులు ఉంటాయి, పెదాలు కనపడవు, మీరేం చేస్తారు అని. మిషన్లు పెట్టుకుని మూడు ఆపరేషన్లలో నిలబడి చూశానన్నాను. మానిటర్ నాకు ఎదురుగా ఉండాలి, మాట చెప్పేవాళ్లు ముందు నన్ను పేరు పెట్టి పిలవాలి, వినపడని మాటను నేను రెండోసారి అడుగుతాను, సిగ్గుపడను అన్నాను. ఎవరికైనా విసుగొస్తే? రానివ్వండి అన్నాను. జర్మన్‌లో అది కొంచెం దురుసుగా వినిపించి ఉంటుంది. వినిపించనీ.

నిర్ణయం తన ఒక్కదానిది కాదంది. అక్కడ పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే డాక్టర్ ఒకాయన ఉంటాడు, ఆయన గ్రాఫ్ చూడాలి. కుదరదంటే ఆమె చేతిలో ఏమీ ఉండదు. పెట్టేసే ముందు ఒక మాటంది. చెప్పకుండా వచ్చి ఉంటే మొదటి వారంలోనే మాకు తెలిసిపోయేది, ఆ రోజే మిమ్మల్ని పంపించేసేదాన్ని.

ఓంప్రకాశ్ ముఖం తుడుచుకుంటూ, అయిపాయె డాక్టరమ్మా, అంతా అయిపాయె అన్నాడు. చాయ్ కూడా ఇప్పించలేదు.

ఆగస్టు 19

ఏ వార్తా లేదు. వద్దంటే ఇంకో ఆసుపత్రికి రాస్తాను. ఆ దేశంలో ఆసుపత్రులకు కరువా?

ఆగస్టు 24

భయంగా ఉంది. రాస్తున్నాను కాబట్టి ఎవరికీ చెప్పక్కర్లేదు.

సెప్టెంబర్ 1

ఉత్తరం వచ్చింది. మిషన్లతో పనిచేయవచ్చు. శిక్షణ మొదలైన తొలి ఆరు నెలలు థియేటర్‌లో ఒంటరిగా ఉంచరు, ఆరు నెలలకొకసారి చెవులు చూస్తారు. చోటు నాదే, అక్టోబర్ ఆఖరుకు సర్టిఫికెట్ చూపిస్తే.

అన్‌ఫిట్ అన్న మాట ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

సెప్టెంబర్ 20

హైదరాబాద్. వేరే గది, ఫ్యాన్ ఆపేశారు, మంచి స్పీకర్ నా ఎదురుగా పెట్టారు. ఒక్కసారే వినిపించారు, అందరికీ వినిపించినట్టే. అలవాటుగా నా కళ్లు ఆ స్పీకర్ మీద పెదాల కోసం వెతుకుతున్నాయి. కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుని వినడం నాకు కొత్త. కొన్ని పోయాయి, చాలా దొరికాయి.

అక్టోబర్ 9

పాస్. ఎక్కువేం కాదు, గీతకు కాస్త పైన. చాలు.

సర్జన్ గారికి స్వీటు ఇచ్చాను. గుర్రాల డాక్టర్ ఇచ్చిందని చెప్పి మరీ ఇచ్చాను. తీసుకున్నాడు.

డిసెంబర్ 21. గర్శకుర్తి

వీసా స్టాంపు పడింది. జనవరి మొదటి వారంలో ప్రయాణం. అవ్వ సకినాలు చేస్తానంటోంది, సంక్రాంతికి ఇంకా మూడు వారాలున్నా. బాపుకి, అవ్వకి చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్లలు తెచ్చాను. బాపు రెండు రోజులు పెట్టుకుని తీసేశాడు. పోగు తెగితే చప్పుడు మారుతుందట, అది తెలుస్తలేదని సాకు. తిట్టాను. మళ్లీ పెట్టుకున్నాడు. నేను పోయాక తీసేస్తాడు, తెలుసు. వీడియో కాల్‌లో చెవులు చూపించమంటాను.

మధ్యాహ్నం హనుమండ్లు మామ వచ్చాడు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగాడు. "నిజంగ చెప్పినవా బిడ్డా? అడగకముందే?"

చెప్పిన మామా అన్నాను.

"ఏమన్నరు?"

"ఎంత ఇనొస్తదో రాసుకున్నరు. ఆర్నెల్లకోసారి సూస్తమన్నరు."

"గంతేనా?"

"గంతే."

మామ చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఇరవై ఏళ్లు, గంతేనా, అని ఇంకోసారి అన్నాడు, నాతో కాదు. తుండు గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఆయన పక్కకు జరిగి కూర్చున్నాను.

అంతలో కరెంట్ పోయింది. షెడ్డులో సాంచలు ఆగిపోయాయి. పక్కిళ్లలో ఆగాయి. ఊరంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి సన్నగా ఏడుపు లేచింది.

మామ తన ఆలోచనలో ఉన్నాడు, వినపడలేదు. అవ్వకు, బాపుకు వినపడలేదు. మా సాంచ మీద కూలికి పనిచేసే ఆమె, పక్కింటి ఐలవ్వ కోడలు, షెడ్డులో ఆగిన మగ్గం దగ్గరే గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఆమె తలెత్తలేదు. నేను లేచి పోయాను. రెండు సాంచాల నడుమ దూలానికి చీర ఊయల. నేను పడుకున్న దూలమే. లోపల ఐలవ్వ మనవరాలు నవ్యశ్రీ, ముఖం ఎర్రబడి, పిడికిళ్లు బిగించి ఏడుస్తోంది.

పిల్లను భుజం మీద వేసుకున్నాను. ఇంకో చేత్తో దూలం మీది ముడి విప్పాను. ఏళ్ల తరబడి అదే చోట ముడి వేసీ వేసీ దూలం అరిగిపోయి గాడి పడి ఉంది. చీరను తెచ్చి మా నడిమింట్లో కొక్కేనికి కట్టాను. రెండు గోడలు అడ్డం ఉంటాయి అక్కడ. బాపుకు చెప్పాను, మా షెడ్డులో ఇంక ఎవరి ఊయలా కట్టనియ్యొద్దని. అవ్వకు చెప్పాను, పాలిచ్చే వేళకు ఆ పిల్ల తల్లి సాంచ నువ్వు చూసుకోవాలని. అవ్వ నా చెవుల వైపు చూసి, తల ఊపింది.

ఐలవ్వ వెనకే వచ్చింది. పిల్లను అక్కడ వేస్తే నిద్రపోదని, చప్పుడు లేకుంటే ఆగదని గొడవ పెట్టుకుంది.

కరెంట్ వచ్చింది. సాంచలు మొదలయ్యాయి. గోడల అవతల నుంచి చప్పుడు లోతుగా, దూరంగా వస్తోంది. పిల్ల ఆ చప్పుడు కోసం వెతుక్కుని, అందక, ఇంకా గట్టిగా ఏడ్చింది.

"సూసినవా, నేం జెప్పలే? ఏడుస్తది పోరి" అంది ఐలవ్వ.

"ఏడ్వనియ్యి" అన్నాను. "నాకు ఇనొస్తది."